ఆదివారం సమావేశానికి ఇంటి పెద్దలను తీసుకురండి

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల బృంద సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం ఉదయం 10:30 గంటలకు మనం ఎప్పుడూ కలిసే హాలులోనే సమావేశం ఉంటుంది. “మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి, వాళ్ల నాన్నకూ అంతే” అంటూ ఆటిజం నిర్ధారణను ఒప్పుకోని తాతయ్యలు, నాయనమ్మలు మనలో చాలామంది ఇళ్లలో ఉన్నారు కాబట్టి, ఈసారి వారిని తప్పక వెంటబెట్టుకుని రావలసిందిగా కోరుతున్నాము. ఫోను చూపించడం వల్లనే ఇలా అయిందని కోడలిని నిందించే మాటలకు (ఈ నింద కొడుకు మీద ఎందుకు పడదో!) స్పీచ్ థెరపిస్టుగారే సమాధానం చెబుతారు, మీరు వాదనకు దిగవద్దు.

నలుగురికీ తెలిసిపోతుందన్న భయంతో వైకల్య ధ్రువపత్రం వద్దంటున్న కుటుంబాలకు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉందనీ, ఆ పత్రం ఉంటేనే లక్ష రూపాయల వరకు వర్తించే కేంద్ర ప్రభుత్వ ‘నిరామయ’ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయవచ్చనీ వివరిస్తాము.

ఎందరు వస్తున్నారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయండి. పిల్లల రిపోర్టు నకలు మరవకండి.