తండ్రి మారాలంటే ముందు బిడ్డ దగ్గర ఉండనివ్వాలి

సంపాదకులకు,

అమెరికా వీధి గ్యాంగుల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం ‘ఒక బిడ్డ పుడితే ఈ కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లే దారికొస్తారు’ అన్న మాటతో ముగిసింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాటే. అందులో సగమే నిజం.

డేవిడ్ పైరూజ్, జీన్ మెక్‌గ్లోయిన్, స్కాట్ డెకర్ అనే పరిశోధకులు 2017లో ఈ విషయం మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. గ్యాంగుల్లో తిరిగిన అమ్మాయిలు తల్లులయ్యాక గ్యాంగులకు, నేరాలకు దూరమయ్యారు, దూరంగానే ఉండిపోయారు. అబ్బాయిల సంగతి వేరు. మొదట్లో బిడ్డతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లే వాటికి దూరమయ్యారు, అదీ కొంతకాలమే. అంటే పసిబిడ్డతో కలిసి ఉండటమే అసలు మందు. ఆ మందే వాళ్లకు అందకుండా అక్కడి చట్టాలు అడ్డం పడుతున్నాయని చెప్పడానికే ఈ లేఖ.

ముందు ఇల్లు. తల్లి ప్రభుత్వ గృహ సముదాయంలో ఉంటే, నేరచరిత్ర ఉన్న కుర్రాడి పేరు అద్దె ఒప్పందంలోకి ఎక్కడం కష్టం. పేరు లేకుండా రాత్రిళ్లు వచ్చి ఉంటే ఇంకా ప్రమాదం. ఇంట్లోవాళ్లో, వచ్చిన అతిథో మాదకద్రవ్యాలతో పట్టుబడితే, ఆ సంగతి అద్దెకున్న మనిషికి తెలియకపోయినా ఖాళీ చేయించవచ్చని 2002లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దాంతో తల్లే ‘నువ్వు రాకు’ అంటుంది. ఆమెను తప్పుపట్టలేం.

తర్వాత ప్రొబేషన్, అంటే జైలుకు బదులు షరతులతో అధికారి నిఘాలో బయట ఉండనివ్వడం. గ్యాంగ్ కేసుల్లో ‘తెలిసిన గ్యాంగ్ సభ్యులతో కలవరాదు’ అన్న షరతు మామూలు. బిడ్డ మేనమామ పేరు పోలీసుల గ్యాంగ్ జాబితాలో ఉంటే, అమ్మమ్మ ఇంట్లో పుట్టినరోజుకు వెళ్లినా షరతు ఉల్లంఘన కావచ్చు. ఆ జాబితాలైనా నిక్కచ్చిగా ఉంటాయా అంటే అదీ లేదు. కాలిఫోర్నియాలో ‘కాల్‌గ్యాంగ్’ అనే పోలీసు డేటాబేస్‌ను 2016లో రాష్ట్ర ఆడిటర్ పరిశీలిస్తే, నమోదు నాటికి ఏడాది కూడా నిండనివాళ్ల పేర్లు 42 బయటపడ్డాయి. వాళ్లలో 28 మంది తాము గ్యాంగ్ సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసి ఉంది! ఇక్కడ లాయరు చేయగలిగిన పని ఒకటుంది. శిక్ష ఖరారయ్యే రోజునే ‘కుటుంబ సభ్యులు, పనిచోటు, తరగతి గది మినహా’ అని షరతులోనే రాయమని జడ్జిని అడగాలి. ప్రొబేషన్ అధికారి నోటిమాటగా సరేనంటే చాలదు. అధికారి మారితే ఆ మాటా పోతుంది.

మూడోది పితృత్వం కాగితం. పెళ్లి కాని జంటకు బిడ్డ పుడితే, ఇద్దరూ పితృత్వ అంగీకార పత్రం మీద సంతకం చేస్తేనో, కోర్టు ఉత్తర్వు ఉంటేనో తప్ప తండ్రి పేరు బర్త్ సర్టిఫికెట్‌లోకి ఎక్కదు. ఆ పత్రం ఆసుపత్రిలోనే ఇస్తారు. వారెంట్ ఉందన్న భయంతోనో, ఆసుపత్రి ప్రత్యర్థి ముఠా పేటలో ఉందనో కుర్రాడు కాన్పుకు రాడు. పత్రం ఖాళీగా ఉండిపోతుంది. తర్వాత కూడా సంతకం చేయవచ్చని ఎవరూ చెప్పరు. బిడ్డ తనదేనా అన్న అనుమానం ఉంటే మాత్రం ముందు డీఎన్ఏ పరీక్ష, తర్వాతే సంతకం. చేశాక రద్దు చేసుకోవడానికి గడువు 60 రోజులే. ఆపైన మోసమో, బలవంతమో, పొరపాటో జరిగిందని కోర్టులో నిరూపించుకోవాలి. ఈ కాగితం లేకుండా బిడ్డ ఫోస్టర్ సంరక్షణలోకి (ప్రభుత్వం బిడ్డను వేరేవాళ్ల దగ్గర ఉంచే ఏర్పాటు) వెళ్తే, చట్టం దృష్టిలో అతను తండ్రే కాకపోవచ్చు. 1997 నాటి సమాఖ్య చట్టం ప్రకారం గత 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ఫోస్టర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు రాష్ట్రం దరఖాస్తు చేయాల్సిందే. రెండేళ్ల జైలుశిక్ష ముందు 15 నెలలు ఎంత?

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది చైల్డ్ సపోర్ట్ బాకీ, అంటే బిడ్డ పోషణకు నెలనెలా కట్టాల్సిన డబ్బు పేరుకుపోవడం. నెలకు 300 డాలర్ల ఉత్తర్వు ఉన్నవాడు రెండేళ్లు లోపలికి వెళ్లి, తగ్గించమని ఎవరూ దరఖాస్తు పెట్టకపోతే, బయటికొచ్చేసరికి 7,200 డాలర్లు నెత్తిమీద ఉంటాయి. చాలాచోట్ల వడ్డీ అదనం. 1986 నాటి సమాఖ్య చట్టం వల్ల పాత బాకీని జడ్జి కూడా తగ్గించలేడు. తగ్గింపు దరఖాస్తు పెట్టాకే వర్తిస్తుంది. అందుకే అరెస్టయిన వారంలోనే దరఖాస్తు పెట్టాలి. 180 రోజులకు మించిన జైలుశిక్ష అని తెలిస్తే, 15 పనిదినాల్లో ఇద్దరు తల్లిదండ్రులకూ ఈ హక్కు గురించి తెలియజేయాలని 2016 నిబంధన చెబుతోంది. ఆ ఉత్తరం పాత చిరునామాకు పోతే ఎవరికి లాభం? కాలిఫోర్నియాలో 90 రోజులు దాటిన జైలుకాలానికి వసూలు నిలిపేసే పద్ధతి ఉంది. మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాలి.

ఈ బాకీలోనే ఇంకో మెలిక ఉంది. డైపర్లు, పాలడబ్బా కొనిచ్చినా, తల్లి చేతిలో నోట్లు పెట్టినా సాధారణంగా బాకీలో జమకాదు. ఇచ్చేది చైల్డ్ సపోర్ట్ వసూలు చేసే ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే ఇవ్వాలి, రసీదు దాచుకోవాలి. బాకీ పేరుకుంటే జీతంలో 65 శాతం దాకా కోతపడవచ్చు, డ్రైవింగ్ లైసెన్సు ఆగవచ్చు. లైసెన్సు లేక పనికి వెళ్లలేనివాడికి పాత స్నేహితులు మాత్రం ఫోన్ చేస్తూనే ఉంటారు.

పని దొరకాలంటే ముఖం, మెడ, చేతుల మీది గ్యాంగ్ పచ్చబొట్లు ముందు తీయించాలి. లేజర్ ఒక్కసారితో పోదు. వారాల ఎడంతో పలుమార్లు చేయించుకోవాలి. నలుపు తేలిగ్గా పోతుంది, ఆకుపచ్చ మొండికేస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో ఫాదర్ గ్రెగ్ బాయిల్ 1988లో మొదలుపెట్టిన హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్ ఇది ఉచితంగా చేస్తూ, జీతమిచ్చే శిక్షణతో పాటు పిల్లల పెంపకం తరగతులూ నడుపుతోంది. అలాంటివి ఊరికొకటి ఉన్నా, పై నాలుగు చిక్కులూ తీరకపోతే కుర్రాడు తరగతి గది నుంచి బిడ్డ ఇంటికి చేరలేడు.

మేం కోరేది చిన్నదే. జైల్లో చేర్చుకునే బల్ల దగ్గర ‘పిల్లలున్నారా? సపోర్ట్ ఉత్తర్వు ఉందా?’ అని అడిగి, సపోర్ట్ తగ్గింపు దరఖాస్తు అక్కడే చేతికివ్వాలి. అక్కడి ఆసుపత్రుల్లో, కోర్టుల్లో పనిచేసే తెలుగువాళ్లు మీ పాఠకుల్లో చాలామందే ఉంటారు. ప్రసూతి వార్డులో నర్సు తండ్రి రాలేదని పితృత్వ పత్రాన్ని ఫైల్లో మూసేయకుండా, అతను ఎప్పుడు, ఎక్కడ సంతకం చేయవచ్చో తల్లికి రాసిస్తే చాలు.

ఇట్లు,
యువ తండ్రులతో పనిచేసే కొందరు సామాజిక కార్యకర్తలు