దింపు కత్తికీ తల్వార్‌కీ తేడా చెప్పే బోర్డు ఒకటి పెట్టించండి

ఎడిటర్ గారికి,

సంక్రాంతి దగ్గర పడిందంటే చాలు, జిల్లా పేజీలో ఆ ఫోటో వచ్చి తీరుతుంది. బల్ల మీద వరసగా పేర్చిన కోడి కత్తులు, వెనకాల నిలబడ్డ పోలీసులు, కింద 'బైండోవర్' (మళ్ళీ తప్పు చేయమని పూచీకత్తు రాయించుకోవడం) అని ఒక ముక్క. అది చూసి మా వైపు జనం రెండు రకాలుగా అర్థం చేసుకుంటున్నారు. కత్తి కనబడితే కేసే అని కొందరు, చిన్న కత్తయితే ఎవరూ ఏమీ అనరని కొందరు. రెండూ నిజం కాదు. కోడి కత్తి జానెడు కూడా ఉండదు, దాని మీద కేసు కట్టేది ముఖ్యంగా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, మన 1974 జూద చట్టం కింద. మనిషి నడుముకు దోపుకుని తిరిగే కత్తి సంగతి వేరు, దానికి 1959 ఆయుధాల చట్టం ఉంది. ఈ రెంటినీ కలగాపులగం చేసి వార్త రాస్తే చదివేవాడు మాత్రం ఏం చేస్తాడు?

నాది కొబ్బరి వ్యాపారం. నా దగ్గర దింపు తీసేవాళ్ళు, అంటే చెట్టు మీంచి కాయలు కోసి దింపేవాళ్ళు, తెల్లారకుండానే బండి మీద బయల్దేరతారు, కత్తికి గోనె పట్టా చుట్టి సీటు పక్కన కడతారు. కొలిమిలో చెప్పి చేయించుకున్న కత్తి అది, పిడి అరిగిపోయి ఆ చేతికే సరిపోయేలా తయారవుతుంది, అంచు తప్ప మిగతాదంతా కొబ్బరి కసరుకి నల్లబడి ఉంటుంది. ఆ మధ్య మా వాడొకడిని సాయంత్రం చెకింగులో ఆపి, ఇదేంట్రా అని కత్తి తీసి పక్కన పెట్టుకున్నారు. ఏ స్టేషన్ వాళ్ళో ఎందుకులెండి. కేసు లేదు, కాగితం లేదు, కత్తి మాత్రం తిరిగి రాలేదు. వాడికి మర్నాడు పని పోయింది, అంతకంటే టెన్షన్ ఎక్కువైంది, ఇప్పుడు కత్తిని తోటలోనే దాచి వస్తానంటున్నాడు, అక్కడ పోతే ఎవరిని అడగాలి?

చట్టం చూస్తే వాడి పక్షానే ఉంది. ఆయుధాల చట్టం 2వ సెక్షనులోనే, కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైన వస్తువులు ఆయుధాలు కావని రాసి ఉంది. 2016 ఆయుధాల నిబంధనల్లో అయితే కత్తులు, బాకులు, బల్లేల గురించి చెబుతూ, అలగు 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్నవాటిని లెక్కలోకి తీసుకుని, ఇంటికీ వ్యవసాయానికీ శాస్త్ర పరిశోధనకీ పరిశ్రమకీ చేసినవాటిని పక్కన పెట్టారు. టేపు ఒక్కటే పట్టుకుని కొలిస్తే కోనసీమలో దింపు కార్మికుడు, రావులపాలెంలో అరటి గెల కొట్టేవాడు, రోడ్డు పక్క బొండాలమ్మేవాడు చాలామంది దొరికిపోతారు. అందుకే కత్తి ఎంత పొడవని కాక, దేనికోసం చేసిన కత్తి అని కూడా చట్టం అడుగుతుంది.

యూట్యూబులో మూడంగుళాలు దాటితే నేరం అని చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. ఆ మూడంగుళాల లెక్క ఢిల్లీది. అక్కడ 1980లో బటన్ కత్తులకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు హద్దుగా పెట్టి నోటిఫికేషన్ ఇచ్చారు. దాని కింద పెట్టిన ఒక కేసును సుప్రీంకోర్టు 2025లో కొట్టేసింది కూడా, ఆ నోటిఫికేషన్ అమ్మకం లాంటివాటి కోసం పెట్టుకున్న కత్తుల గురించి కాబట్టి, కత్తి అమ్మకానికి పెట్టుకున్నాడని చార్జిషీటులో ఎక్కడా లేదని. ఇలాంటి నోటిఫికేషన్లు ఆయుధాల చట్టం 4వ సెక్షను కింద ప్రాంతాన్ని బట్టి ఇస్తారు. నోటిఫై చేసిన చోట ఆ రకం ఆయుధం లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే జైలు. ఢిల్లీ ముక్క తెచ్చి భీమవరంలో అతికిస్తే ఎలా?

ఇంతకీ కుర్రాళ్ళ మాటకొస్తాను, అసలు భయం అక్కడే ఉంది. పుట్టినరోజుకి తల్వార్‌తో కేకు కోసి రీల్ పెట్టడం ఒక సరదా అయిపోయింది. తల్వార్ ఏ వ్యవసాయానికి చేశారండీ? ఆన్‌లైన్‌లో తెప్పించిన మడత కత్తి జేబులో పెట్టుకుని, తొమ్మిదంగుళాలు లేదు కదా అని ధీమాగా తీర్థానికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఆయుధాల చట్టంలోనే 20వ సెక్షను ఒకటుంది, దానికి ఈ అంగుళాల గొడవ లేదు. నేరానికి వాడతాడన్న అనుమానం కలిగే తీరులో ఆయుధం పట్టుకుని తిరిగేవాణ్ణి, లైసెన్సు ఉన్నా సరే, వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. ఇక కత్తి చూపించి చంపుతానని బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351 కింద ఏడేళ్ళ దాకా పడుతుంది, దెబ్బ తగిలితే 118. అక్కడ కొడవలైనా కత్తిపీటైనా ఒకటే, వంటింటి వస్తువు కదా అంటే ఎవరూ వినరు.

మరో చిక్కు నిషేధాజ్ఞలది. 2022 మేలో అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవ జరిగినప్పుడు 144 అంటే ఏమిటో మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసొచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షను, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది, మైకులో మాత్రం ఇప్పటికీ 144 అనే వినిపిస్తుంది. మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు గానీ, ఉన్నన్నాళ్ళూ కర్రలు, కత్తులు తేవద్దని అందులో రాస్తే అది మీరినవాడి మీద న్యాయ సంహిత 223 కింద కేసు పెట్టొచ్చు. మరి ఆ రోజుల్లో దింపుకి వెళ్ళేవాడి సంగతేమిటి? పనిముట్లకు మినహాయింపు అని ఒక్క వాక్యం ఆ ఉత్తర్వులోనే రాస్తే కానిస్టేబుల్‌కీ సుఖం, కూలివాడికీ సుఖం. ప్రభల తీర్థానికో, అంతర్వేది కళ్యాణానికో కత్తితో పనేమీ లేదు, అక్కడ ఎంత గట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

కాబట్టి తూర్పు, పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల ఎస్పీ గార్లను మీ పేపరు ద్వారా అడిగేదేమిటంటే, మన దగ్గర 4వ సెక్షను కింద అమల్లో ఉన్న నోటిఫికేషన్ ఏదైనా ఉంటే అది, అప్పటికి అమల్లో ఉన్న 163 ఉత్తర్వు, దాని ఆఖరి తేదీ, ప్రతి స్టేషన్ ముందూ తెలుగులో రాసి పెట్టించండి, పంచాయతీ వాట్సాప్ గ్రూపుల్లోకీ పంపండి. కత్తి తీసుకుంటే రసీదు ఇవ్వండి. సోదా, స్వాధీనం ఫోనులో వీడియో తీయాలని సురక్షా సంహిత 105లో ఉంది, అది దింపు కార్మికుడికి వర్తించదని ఎక్కడా రాయలేదు.

మీ రిపోర్టరుకి కూడా ఒక మాట. ఈసారి ఆ బల్ల ఫోటో వేసినప్పుడు కింద ఏ చట్టం, ఏ సెక్షనో రాయమనండి.

ఇట్లు,
ఒక కొబ్బరి వ్యాపారి,
అంబాజీపేట మండలం