ఇథనాల్ ఫ్యాక్టరీల గురించి ఎవరూ అడగని లెక్క

ఎడిటర్ గారికి నమస్తే,

2025 కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పుడు పేపర్లన్నీ మంచిగనే రాసినయి, కిటగావా, రాబ్సన్, యాఘీ ముగ్గురి ఫోటోలు, ఎడారి గాలిలకెళ్లి నీళ్లు పట్టే పదార్థం అని హెడ్డింగులు. కానీ ఆ ఎంఓఎఫ్ అనే సన్నని బొక్కల పదార్థాలకు పెద్ద పని ఎడారిల లేదు, ఫ్యాక్టరీ బాయిలర్ కాడ ఉన్నది. ఆ ముక్క నాకు ఎక్కడా కనపడలే. మనదిక్కు పెట్రోల్‌ల కలిపే ఇథనాల్ తీసే ఫ్యాక్టరీల గొడవ నడుస్తున్నది గదా, అందుకని రాస్తున్న.

కెమికల్ ఫ్యాక్టరీ అంటే రెండు కలిపి మూడోది చేసుడు అనుకుంటం. చేసినంక ఆ కలగాపులగంలకెళ్లి మనకు కావాల్సింది విడదీసుడు కాడనే అసలు ఖర్చు. జార్జియా టెక్ సైంటిస్టులు ఇద్దరు 2016ల రాసిన లెక్క ప్రకారం అమెరికా పరిశ్రమలు వాడే ఎనర్జీల సగం దాకా ఈ విడదీసుడుకే పోతది, అందులో మళ్లీ సగం ఒక్క డిస్టిలేషన్‌కే, అంటే మరగబెట్టి ఆవిరి పట్టి విడదీసుడుకే. ప్లాస్టిక్‌కు మూలమైన ఇథిలీన్, ప్రొపిలీన్ శుద్ధి చేసుడుకే ప్రపంచం మొత్తం ఎనర్జీల 0.3 శాతం ఖర్చయితదట, సింగపూర్ దేశం ఏడాదికి వాడేదంత! మరుగుదల ఉష్ణోగ్రతల తేడా తక్కువుంటే టవర్ అంత ఎత్తుండాలె, ఆవిరి చేసుడు చల్లార్చుడు మళ్లీ ఆవిరి చేసుడు, అన్నిసార్లు నడవాలె.

ఇప్పుడు ఇథనాల్ తీస్కోండ్రి. నూకలో మక్కలో పులియబెట్టినంక వచ్చేదాంట్ల ఆల్కహాల్, అదే ఇథనాల్, పది శాతం అటుఇటు, మిగతాది నీళ్లు, పిప్పి. ఆల్కహాల్ 78 డిగ్రీలకు మరుగుతది, నీళ్లు 100కు, కాబట్టి స్టీమ్ పెట్టి లాగుతరు. కానీ 95.6 శాతం కాడ బండి ఆగిపోతది, అక్కడ ఆవిరిల ఎంత నీళ్లుంటదో కింద ద్రవంల గూడ అంతే ఉంటది, ఇంక ఎంత మరగబెట్టినా మామూలుగ ముందుకు పోదు. పెట్రోల్‌ల కలపాలంటే 99 దాటాలె. ఒకప్పుడు బెంజీన్ కలిపి మళ్లీ డిస్టిల్ చేసేటోళ్లు, అది క్యాన్సర్ తెచ్చే సరుకు, పైగా స్టీమ్ ఖర్చు వేరే. ఇప్పుడు మాలిక్యులర్ సీవ్, అంటే అణువుల జల్లెడ, పెడుతున్నరు. జియోలైట్ అనే సన్నని బొక్కల ఖనిజం గుండ్లు, వాటి బొక్క 3 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటర్‌ల వెయ్యి కోట్లో వంతు), నీటి అణువు 2.8, ఇథనాల్ అణువు 4 మీద. నీళ్లు లోపల దూరుతయి, ఇథనాల్ దూరలేక బయటి నుంచే పోతది. రెండు టవర్లు పెట్టి ఒకటి ఇథనాల్‌ను ఆరబెడుతుంటే ఇంకోదాంట్ల పట్టిన నీళ్లను వాక్యూమ్‌తోటి ఖాళీ చేస్తరు. అగ్గి పని బొక్క సైజు చేసిపెట్టింది, నాకు కెమిస్ట్రీల దీనికంటే అందమైన సంగతి లేదు.

అంటే సగం దారి ఆల్రెడీ వచ్చినం. జపాన్‌ల జియోలైట్ పొరలతోటి ఆల్కహాల్ ఆరబెట్టే ప్లాంట్లు రెండు దశాబ్దాల కిందనే పెట్టిండ్రు. మన గల్లీలల్ల ఇరవై లీటర్ల క్యాన్ నింపే ఆర్వో ప్లాంట్ గూడ ఇదే దారి, ఉప్పు తీయనీకి ఎవడూ నీళ్లు మరగబెడ్తలేడు గదా.

అయితే నోబెల్ వచ్చింది కాబట్టి రేపటికెల్లి డిస్టిలేషన్ బంద్ అనేటోళ్లను నమ్మొద్దు. ఇట్లనే బొక్కలతోటి విడదీసే ఎంఓఎఫ్‌లల్ల మస్తు రకాలు తేమ తగిలితేనే పాడైతయి, ల్యాబ్‌ల గ్రాము పొడి చేసుడు వేరు, టవర్ నిండ గుండ్లు పోసుడు వేరు. కానీ జింక్‌తోటి చేసే కాల్ఫ్-20 అనే ఎంఓఎఫ్ ఒకటి ఆవిరిని గూడ తట్టుకుంటది, పొగలకెళ్లి కార్బన్ డయాక్సైడ్ పట్టనీకి బీఏఎస్ఎఫ్ కంపెనీ దాన్ని వందల టన్నుల లెక్కన చేస్తమని 2023ల చెప్పింది. రామగుండం లాంటి యూరియా ప్లాంట్లల్ల ఇదే గ్యాస్‌ను ద్రావణంతోటి కడిగి, ఆ ద్రావణాన్ని మళ్లీ వేడి చేసి తీస్తరు, అక్కడ గూడ స్టీమే.

ఇంకో సంగతి, ఈ జియోలైట్ గుండ్లు చేసేదెవరు? 2021 కరోనా సెకండ్ వేవ్‌ల ఆస్పత్రులల్ల ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టుడు గుర్తుంది గదా, గాలిల నైట్రోజన్‌ను పట్టి ఆపేది జియోలైటే. అది మనకు చాలక రోమ్ నుంచి విమానాల్ల తెప్పించుకున్నం. హైదరాబాద్ తార్నాకల కెమికల్ పరిశోధన సంస్థ ఐఐసీటీల మెంబ్రేన్, అంటే విడదీసే పొరల, మీద ఎన్నో ఏండ్ల పని ఉన్నది, మన వరంగల్ నిట్‌ల కెమికల్ ఇంజినీరింగ్ ఉన్నది, వాళ్లకు ఒక నడుస్తున్న డిస్టిలరీని అప్పజెప్పి ట్రయల్ చేయమంటే తప్పేముంది?

2024 నవంబర్‌ల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రోడ్డెక్కిండ్రు. వాళ్ల భయం నీళ్లు, వాసన, భూమి గురించి, అది ఈ గుండ్లతోటి తీరేది కాదు, తీరుతదని నేననను. కానీ ఎక్కడన్న ఫ్యాక్టరీ వస్తే దాని పొయ్యిల పొట్టో బొగ్గో ఎంత కాలుతదో ఊరోళ్లకు తెల్వాలె. పర్మిషన్ కాగితాలల్ల పెట్టుబడి ఎన్ని కోట్లు, ఉద్యోగాలెన్ని అని రాస్తరు, మీ రిపోర్టర్లు గూడ అవే రాస్తరు. లీటర్ ఇథనాల్‌కు ఎన్ని కిలోల స్టీమ్, నీళ్లు తీసేది ఏ పద్ధతిల, మిగిలిన మురుగు నీళ్లను ఆవిరి చేయనీకి ఇంకెంత స్టీమ్, ఈ మూడు గూడ మేనేజ్‌మెంట్‌ను అడిగి వేయండ్రి. కొత్త ఫ్యాక్టరీలవే కాదు, ఇప్పుడు నడిచేటియి గూడ.

ఇట్లు,
రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
హన్మకొండ