మన అక్షరాలు యాప్‌లో ఉండాలి, ఫోల్డర్ పేరులో కాదు

బరంపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ రమణా,

నిన్న ఫోన్ చేసినప్పుడు బజారులో ఉన్నాను. గోలలో సగం వినిపించలేదు, సగం చెప్పలేకపోయాను. అందుకే భోజనం చేసి తీరిగ్గా కూర్చున్నాను. రాయగడలో నీ కొట్టు అరువుల లెక్కకి నువ్వే యాప్ రాసుకుంటానంటే నాకెంత సంబరంగా ఉందో! ల్యాప్‌టాప్ పాతదని మాత్రం ఆగిపోకురా.

కాలేజీలో యాప్ రాయడానికి ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి, జావా భాష కోసం జేడీకే ఒకటి, మళ్ళీ ఆండ్రాయిడ్ కోసం ప్లగిన్ ఒకటి ఎక్కించుకుంటూ ఎంత అవస్థ పడ్డామో గుర్తుందా? ఇప్పుడా గొడవ లేదు. 2014 డిసెంబరులో యాప్‌లు రాసే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో మొదటి స్థిరమైన వెర్షన్ వచ్చాక ఎక్లిప్స్ దారి మూసుకుపోయింది. స్టూడియోతో పాటే జావా కూడా వస్తుంది, విడిగా ఏదీ వెయ్యక్కర్లేదు. గూగుల్ వాళ్ళ ఆండ్రాయిడ్ డెవలపర్ల సైటులోనే దింపుకో, ఇంకెక్కడా వద్దు. కోడ్ రాసే భాషగా కాట్లిన్ పట్టుకో. 2019 నుంచి గూగుల్ ముందుగా దానికే పీట వేస్తోంది.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ చెప్తాను, నీకు తగలకూడదు. ల్యాప్‌టాప్ కొన్న రోజున ముచ్చటపడి విండోస్ అకౌంట్‌కి నా పేరు తెలుగులో పెట్టుకున్నాను. స్టూడియో చక్కగా ఎక్కింది. ప్రాజెక్ట్ తెరిచానో లేదో, కింద గ్రేడిల్ (కోడ్‌ని యాప్‌గా తయారుచేసే పనిముట్టు) వరసగా ఎర్ర అక్షరాలు కక్కడం మొదలుపెట్టింది. మూడు రాత్రులు నిద్ర లేదు. తీరా చూస్తే, యాప్ తయారీకి కావలసిన ఎస్‌డీకే అనే సామగ్రి అయినా, గ్రేడిల్ దింపుకునే ఫైళ్ళయినా మామూలుగా ఆ అకౌంట్ ఫోల్డర్‌లోనే పడతాయి. ఆ దారిలో ఇంగ్లీషు కాని అక్షరం ఉంటే విండోస్‌లో కొన్ని పనిముట్లు తడబడతాయి. సెట్టింగ్స్‌లో పేరు మార్చాను, పైన కనిపించే పేరు మారింది తప్ప ఫోల్డర్ పేరు మారలేదు. చివరికి ఇంగ్లీషు అక్షరాలతో కొత్త అకౌంట్ తెరిచి మళ్ళీ మొదటి నుంచి వేశాను. నా పేరు నా భాషలో రాసుకున్నందుకు పని ఆగిపోవడం నాకు నిజంగా బాధనిపించింది. నువ్వు మాత్రం ముందే చూసుకో. ప్రాజెక్ట్ ఫోల్డర్ పేరులో కూడా తెలుగు, ఒడియా, ఖాళీలు ఏవీ వద్దు.

నీ దాంట్లో 8 జీబీ ర్యామ్ అన్నావు కదా, స్టూడియో ఒక్కదానికి సరిపోతుంది. ల్యాప్‌టాప్ తెర మీదే ఉత్తుత్తి ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 ఉండాలని గూగుల్ వాళ్ళే చెప్తున్నారు. కాబట్టి దాని జోలికి పోకు, రాసిన యాప్‌ని నీ ఫోన్‌లోనే నడిపి చూసుకో. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల దగ్గర బిల్డ్ నంబర్ అని ఉంటుంది. దాని మీద ఏడుసార్లు తట్టు, డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టు. ఫోన్ అనుమతి అడుగుతుంది, ఒప్పుకో. ఎంతకీ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చు. ఛార్జింగ్ మాత్రమే ఎక్కే కేబుళ్ళు చాలా ఉన్నాయి. ఆ సంగతి తెలియక నేను డ్రైవర్ల కోసం ఒక పూటంతా వెతికాను.

మొదటిసారి బిల్డ్ చేసినప్పుడు, అంటే కోడ్‌ని యాప్‌గా మార్చినప్పుడు, నెట్ నుంచి బోలెడు దించుకుంటుంది. మధ్యలో ఆపొద్దు, టెన్షన్ పడొద్దు. రెండోసారి నుంచి త్వరగా అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మొదటి రోజు నుంచే రెండు భాషల్లో రాయి. ప్రాజెక్ట్‌లో వాల్యూస్ (values) అనే ఫోల్డర్ పక్కన వాల్యూస్-టీఈ (values-te) ఒకటి, వాల్యూస్-ఓఆర్ (values-or) ఒకటి పెట్టు. ఆ టీఈ తెలుగుకి గుర్తు, ఓఆర్ ఒడియాకి. తెర మీద కనిపించే మాటలన్నీ వాటిలోనే ఉంచు, కోడ్‌లో ఎక్కడా నేరుగా రాయకు. ఫోన్ భాషని బట్టి ఏది చూపించాలో యాప్ తనంతట తానే ఎంచుకుంటుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్క యాప్‌కి మాత్రం వేరే భాష పెట్టుకోవచ్చు కూడా.

ఎందుకింత చెప్తున్నానంటే, మా ఇంట్లోనే చూశాను. అమ్మ అప్పడాల లెక్కకి యాప్ చేశాను కదా. అమ్మకి ఒడియా చదవడం రాదు. వదిన ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడుతుంది, కానీ చదివింది ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి. ఇన్నాళ్ళూ నోటుబుక్‌లో అమ్మ రాసింది వదినకి అందేది కాదు, వదిన రాసింది అమ్మకి అందేది కాదు. మొన్న రాత్రి ఇద్దరూ చెరో ఫోన్ పట్టుకుని ఇచ్ఛాపురం కొట్టువాడి లెక్క చూశారు. అమ్మ ఫోన్‌లో తెలుగు అక్షరాల్లో 'బాకీ' అని ఉంది, వదిన ఫోన్‌లో ఒడియా అక్షరాల్లో అదే బాకీ. పక్కన రెండింట్లోనూ 340 రూపాయలే. వదిన పైకి చదివింది, అమ్మ తలూపింది. అంతే, ఇంకెవరినీ అడగలేదు.

నీ కొట్టుకి వచ్చేవాళ్ళు కూడా రెండు భాషలవాళ్ళే కదరా.

దసరాకి వస్తానన్నావు. వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్, మంచి కేబుల్ తెచ్చుకో. పెద్ద డౌన్‌లోడ్లన్నీ మా ఇంటి వైఫైలో చేసేద్దాం. ఈలోగా అకౌంట్ ఫోల్డర్ పేరు ఏ అక్షరాల్లో ఉందో చూసి మెసేజ్ పెట్టు. అమ్మ నీకోసం మిరియాల అప్పడాలు ఒక కట్ట పక్కన పెట్టింది.

నీ
శీను