ఈసారి ఏ కొండకి బుక్ చేద్దాం

చిన్నా,

నీ మెసేజ్ రెండు మూడుసార్లు చదివాను. అలాస్కా రెసిడెంట్‌వి అయిపోయావు, ఇక నాకు గైడ్ అక్కర్లేదు, ఆ డబ్బులు దాచుకుని ఆగస్టులో నీ దగ్గరికి వచ్చేయమన్నావు. ఆ మాట నీ అంతట నువ్వే అన్నందుకు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ ఈసారికి నేను వేరేగా అనుకుంటున్నాను. ఎందుకో ఫోన్లో చెప్తే సగంలో ఆగిపోతుంది, నువ్వేమో నార్త్ స్లోప్ ఆయిల్ ఫీల్డ్‌లో డ్యూటీ ఎక్కితే రెండు వారాలు దొరకవు, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు అసలు విషయం. మెకంజీ పర్వతాల్లో డాల్ షీప్ హంట్, అంటే ఆ తెల్ల కొండ గొర్రెల్లో పొట్టేలు వేట, బుక్ చేద్దామనుకుంటున్నాను. కెనడా, నార్త్‌వెస్ట్ టెరిటరీస్. గైడ్‌తోనే. నువ్వు తుపాకీ లేకుండా నాతో రావాలి. అలాస్కాలో నువ్వూ నేనూ ఇద్దరమే వెళ్లడం ఆ తర్వాత.

నువ్వన్నది చట్టప్రకారం నిజమే. బయటి రాష్ట్రం వాళ్లు అక్కడ డాల్ షీప్ వేటాడాలంటే లైసెన్సున్న గైడ్ ఉండాలి, లేకపోతే పందొమ్మిదేళ్లు నిండిన దగ్గరి బంధువు, అలాస్కా నివాసి, వెంట ఉండాలి. కాల్చే వేళకి నూరు గజాల లోపే ఉండాలి. తండ్రికి కొడుకు సరిపోతాడు. అప్పుడు నాకయ్యేది లైసెన్సు 160 డాలర్లు, ట్యాగ్ (ఒక్క జంతువుకిచ్చే పర్మిట్) 850, ఆపైన చిన్న విమానం వాడికిచ్చేది. గైడ్‌తో అయితే ముప్పై వేల పైమాట. ఆ తేడా చూసి నాక్కూడా ఆశ పుట్టింది, ఒక రాత్రంతా అదే ఆలోచించాను.

కానీ ఒకసారి ఆ ఘడియ ఊహించుకో. మూడొందల గజాల అవతల రాళ్ల మీద పొట్టేలు పడుకుని ఉంది. నేను రైఫిల్ వెనక పడుకున్నాను. స్పాటింగ్ స్కోప్‌లో, ఆ చిన్న టెలిస్కోప్‌లో, చూసి ‘ఓకే నాన్నా’ అనాల్సింది నువ్వు. అలాస్కాలో కొమ్ము నిండుగా ఒక చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొసలూ విరిగి ఉండాలి, లేదా ఎనిమిదేళ్లు నిండి ఉండాలి. చుట్టు తిరిగిందా లేదా అన్నది సరిగ్గా పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది, అది తల కాస్త వంచినా, మనం కాస్త పైనుంచి చూసినా, తక్కువున్న కొమ్ము కూడా నిండు చుట్టులాగే కనిపిస్తుంది. వయసు లెక్క ఇంకా కష్టం. ప్రతి చలికాలం కొమ్ము పెరగడం ఆగిపోయి అక్కడ చుట్టూతా ఒక గీత పడుతుంది. మధ్యలో ఉత్తుత్తి ముడతలు బోలెడుంటాయి, అవి చుట్టూతా రావు, సగంలో కలిసిపోతాయి. మొదటి ఏడాది గీత కొస దగ్గర అరిగో విరిగో పోయుంటుంది. ముసలిదయ్యేకొద్దీ కొమ్ము ఏడాదికి పెరిగేది బాగా తగ్గిపోతుంది కాబట్టి ఆఖరి గీతలు కొమ్ము మొదట్లో, వెంట్రుకల దగ్గర, ఒకదానికొకటి ఆనుకుని ఇరుక్కుపోతాయి. ఏడేళ్లా ఎనిమిదేళ్లా అన్నది అక్కడే తేలుతుంది. ఆ వెంట్రుకలు గాలికి కదులుతుంటాయి, ఎండకి స్కోప్‌లో బొమ్మ అలలు అలలుగా ఊగుతుంటుంది, నీ తండ్రి పక్కన ఊపిరి బిగబట్టి నీ మాట కోసం చూస్తుంటాడు. తప్పు పొట్టేలు పడితే కేసు నా మీదే, మాంసం, కొమ్ములు వాళ్లే తీసుకుంటారు, అంతవరకూ నేను తట్టుకోగలను. ఆ ‘ఓకే’ అన్నది నువ్వని నువ్వు మర్చిపోలేవు చిన్నా. అది నీకు నేను పెట్టను.

అందుకే ముందు ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్న మనిషి పక్కన నిన్ను కూర్చోబెట్టాలి. రోజుకి నాలుగైదు పొట్టేళ్లని చూసి, ‘ఇది వద్దు, ఇంకా కుర్రది’ అని వదిలేసే మనిషి పక్కన.

అలాస్కా విషయంలో ఇంకోటి ఉంది. కిందటిసారి నాకేం జరిగిందో నీకు తెలుసు. గైడ్ మంచివాడే, కష్టపడ్డాడు. కానీ మేం దిగిన లోయలో అప్పటికే వేరేవాళ్ల టెంట్లు రెండున్నాయి, సీజన్ మొదలైన పొద్దున మేం చూసిపెట్టుకున్న గుంపుని అవతలి గట్టు మీది వాళ్లు బెదరగొట్టేశారు, ఆ తర్వాత నాకు కనిపించినవన్నీ ఆడవీ పిల్లలూ కుర్ర పొట్టేళ్లూ. మేం వెళ్లినప్పటికి అక్కడ రాష్ట్ర ప్రభుత్వ భూముల్లో ఏ గైడ్‌కీ తనకంటూ సొంత ఏరియా లేదు. ఒకప్పుడు ఉండేవి, 1988లో అలాస్కా సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఫెడరల్ భూముల్లో పర్మిట్ ఉన్న గైడ్‌ల సంగతి వేరు, వాళ్ల దగ్గర రేటూ వేరు. పైగా ఈ మధ్య కొన్ని చలికాలాలు ఆ గొర్రెల్ని బాగా దెబ్బతీశాయి. మంచు మీద వాన పడి పైన గాజుపెంకులా గడ్డకడితే కింద గడ్డి ఉన్నా గిట్టతో తవ్వలేవు, ఆకలికి చచ్చిపోతాయి. కొన్ని వేట ఏరియాల్లో బయటివాళ్లకి వేటే ఆపేశారు. మందలు కోలుకునేదాకా నేను కూడా పోయి ఆ కొండల మీద పడటం నాకు ఇష్టం లేదు. నువ్వక్కడే ఉంటావు, అవి ఎప్పుడు కోలుకుంటాయో నీకే ముందు తెలుస్తుంది.

మెకంజీలో పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఆ పర్వతాలన్నీ కలిపి ఎనిమిది జోన్లు, ఒక్కో జోన్ ఒక్కో అవుట్‌ఫిటర్‌ది, అంటే గైడ్‌లని పెట్టి వేట నడిపేవాడిది, ఇంకొకడు రాడు. రోడ్లు లేవు కాబట్టి స్థానికులు వేటాడేది కూడా చాలా తక్కువ. ఈ ఏడాది కుర్ర పొట్టేలుని వదిలేస్తే నాలుగేళ్ల తర్వాత అది పెద్దదై అక్కడే ఉంటుందని వాడికి తెలుసు, అందుకే వదిలేస్తాడు. అక్కడ చట్టం ముప్పావు చుట్టు ఉంటే చాలంటుంది, అయినా వాళ్ల దగ్గర పడే పొట్టేళ్ల సగటు వయసు పదేళ్ల పైమాటే. నేను ఈ కొండని ఎంచుకోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. పదేళ్లు దాటిన పొట్టేలు తన బతుకు దాదాపు బతికేసినట్టే, ఇంకో రెండు మూడు చలికాలాలు దాటడమే ఎక్కువ.

ఇక్కడ నాతో షూటింగ్ రేంజ్‌కి వచ్చేవాళ్లందరూ డాల్ వద్దు, దాని బూడిద రంగు చుట్టం స్టోన్ షీప్‌కి వెళ్లు అంటున్నారు. డబ్బు ఎలాగూ పెడుతున్నావు, కష్టమైనదానికే పెట్టు, గ్రాండ్ స్లామ్‌లో (ఉత్తర అమెరికాలోని నాలుగు రకాల అడవి గొర్రెల్లో) అన్నిటికన్నా ముందు అది తీసేసుకో, రేటు ఏటా పెరుగుతుందే తప్ప తగ్గదు అని. రేటు మాట నిజమే. ఉత్తర బ్రిటిష్ కొలంబియాలో నాకు చెప్పింది డెబ్భై వేల డాలర్లు, అదీ నాలుగేళ్లు ఆగాలి. రేనోలో జనవరిలో జరిగే షీప్ షోలో ఆ అవుట్‌ఫిటర్ స్టాల్ ముందు చాలాసేపు నిలబడ్డాను, గుర్రాల మీద వెళ్లడం, ఆ బూడిద రంగు పొట్టేలు ఫొటోలు, మనసు లాగింది, కాదనను. కానీ నాలుగు రకాలూ పూర్తి చేయాలని నాకెప్పుడూ లేదు. ఒక్క పొట్టేలూ కొట్టనివాళ్ల కోసం వైల్డ్ షీప్ ఫౌండేషన్ పెట్టిన లెస్ దాన్ వన్ క్లబ్‌లోనే నేనింకా ఉన్నాను. ఒక్కటి, ముసలిది, సరిగ్గా, నా కాళ్ల మీద నడిచి వెళ్లి. అంతే నాకు కావాల్సింది. ఆ నాలుగేళ్లలో నా మోకాళ్లు ఎలా ఉంటాయో ఏ అవుట్‌ఫిటరూ చెప్పలేడు.

రాకీ మౌంటెన్ బిగ్‌హార్న్‌కి డబ్బు పెట్టే ప్రశ్నే లేదు, ఇక్కడ కొలరాడోలో అప్లై చేస్తూ మూడు పాయింట్లు దాటాక పర్మిట్ల లాటరీలో ఉన్నాను, వస్తే ఇంటి పక్క కొండే. మెక్సికోలో డెజర్ట్ బిగ్‌హార్న్ మాత్రం నాకు బాగా నచ్చిన కథ. సొనోరా తీరంలో టిబురోన్ ద్వీపానికి 1975లో ఇరవై గొర్రెల్ని తీసుకెళ్లి వదిలారు, అవి వందల్లోకి పెరిగాయి, ఆ ద్వీపం సేరి తెగవాళ్లది, పర్మిట్ల డబ్బులో వాళ్లకి వాటా వెళ్తుంది, అక్కణ్నుంచే వేరే కొండలకి మళ్లీ గొర్రెల్ని తరలించారు. వేట పద్ధతిగా జరిగితే ఏమవుతుందో చూడాలంటే అది చూడాలి. కొండలు ఎత్తు తక్కువ, చలికాలంలో వేట, ముసలి కాళ్లకి కూడా నడుస్తుంది. కాబట్టి ఆగగలిగింది అదే, రేటు మన అందుబాటులో ఉంటే. నేపాల్‌లో ధోర్‌పటన్‌లో భరల్ (హిమాలయాల నీలి గొర్రె) వేట గురించి కూడా అడిగావు. ఇండియాలో 1972 చట్టంతో వేట మూతపడింది కాబట్టి హిమాలయాల్లో మనలాంటివాళ్లకి దగ్గరి దారి అదే, కానీ నాలుగు వేల మీటర్ల పైన నా బీపీతో అమ్మ ఒప్పుకోదు, నేనూ అడగను.

మెకంజీలో ఇద్దరు అవుట్‌ఫిటర్లతో మాట్లాడాను. పెళ్లి సంబంధానికి ఆరా తీసినట్టే తీశాను. పొట్టేలు కొట్టి ఫొటో దిగినవాళ్లు ఎలాగూ పొగుడుతారు, అందుకని ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ల నంబర్లు ఇమ్మన్నాను. ఒకాయన మాట దాటేశాడు. రెండో ఆయన అదే రోజు ముగ్గురి నంబర్లు పంపాడు, వాళ్లలో ఇద్దరు మళ్లీ ఆయన దగ్గరే బుక్ చేసుకున్నారట. పోయిన అయిదేళ్లలో కొట్టిన పొట్టేళ్ల వయసులు అడిగితే ఏడాదివారీగా రాసి పంపాడు. వాతావరణం బాగోక విమానం రాకపోతే ఎన్ని రోజుల తిండి ఉంటుంది, పొగ వస్తే ఏం చేస్తారు అన్నీ అడిగాను. 2023 ఆగస్టులో కార్చిచ్చుకి ఎల్లోనైఫ్ ఊరు ఊరంతా ఖాళీ చేయించారు గుర్తుందా, మనం మెకంజీకి దారైన నార్మన్ వెల్స్‌కి వెళ్లేది ఆ ఊరి మీదుగానే. అలాంటిదైతే డబ్బు తిరిగివ్వరు, మరుసటి ఏడాదికి మారుస్తారు. అది కాగితం మీద రాయించుకున్నాను.

డబ్బు సంగతి నీకు తెలియాలి, నువ్వు అడక్కపోయినా. హంట్ నలభై వేల డాలర్ల దాకా, దాని మీద అయిదు శాతం జీఎస్టీ, లైసెన్సు, ట్యాగ్, చార్టర్ విమానం, గైడ్‌కి టిప్, నీకు వేటాడని మనిషిగా వేసే చార్జీ. శంషాబాద్ ప్లాటు అమ్మిన డబ్బులో నా సగం నుంచి పెడుతున్నాను. అమ్మ సగం జోలికి పోలేదు, మీ చదువుల అప్పూ లేదు, రిటైర్‌మెంట్ డబ్బూ కదల్చలేదు. అమ్మకి వేట అంటే ఇప్పటికీ మనసొప్పదు, విజయవాడలో మీ అత్తావాళ్లకి చెప్పొద్దంది. ఆవిడ బాధ నేను కొట్టిపారేయను. ఒక్కటే మాటిచ్చాను, మాంసం ఒక్క ముక్క కూడా పారేయనని. ఆ కొండ గొర్రె మాంసం ఎంత రుచో నువ్వే చూస్తావు, మొదటి రాత్రి పక్కటెముకలు నిప్పుల మీద కాల్చి ఉప్పూ కారం చల్లుకుని తినేస్తాం. గుంటూరు కారం పొట్లం నా బ్యాగులో పైజేబులోనే ఉంటుంది.

నువ్వు ఈలోపు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. డ్యూటీ లేని వారాల్లో సీవార్డ్ హైవే మీద విండీ కార్నర్‌కి వెళ్లు, ఎలాగూ ఆ రోడ్డున తిరుగుతుంటావు. అక్కడ ఎక్కువగా ఆడవీ పిల్లలే కనిపిస్తాయి, ఎప్పుడైనా పొట్టేళ్లు దిగుతాయి. బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుని కొమ్ము గీతలు లెక్కపెట్టు, పుస్తకంలో రాసుకో. ఫొటో తీసి నాకు పంపు, నేను విడిగా లెక్కపెడతాను, ఎవరిది కలుస్తుందో చూద్దాం. బూట్లు ఇప్పుడే కొని అరగదీయి, కొత్త బూట్లతో అక్కడికొస్తే మూడో రోజుకి మడమలు పుండ్లవుతాయి. వీపు మీద యాభై పౌన్లు వేసుకుని ఫ్లాట్‌టాప్ కొండ ఎక్కి దిగడం మొదలుపెట్టు. నేను ఇక్కడ హార్స్‌టూత్ వెనక కొండ ఎక్కుతున్నాను, దిగేటప్పుడు కుడి మోకాలు కాస్త పట్టేస్తోంది, డాక్టర్‌కి చూపించాను, కర్రలు రెండూ వాడమన్నాడు, వాడుతున్నాను. రైఫిల్‌కి కెనడా బోర్డర్ ఫారం, పాతిక డాలర్లు, అది నేను చూసుకుంటా.

శుక్రవారంలోగా సగం డబ్బు డిపాజిట్ పంపాలి, పంపాక అది వెనక్కి రాదు. తేదీలు రెండున్నాయి, జులై ఆఖరు ఒకటి, ఆగస్టు మూడో వారం ఒకటి. జులైలో దోమలెక్కువ కానీ పగలు పొడుగు, ఆగస్టులో చలి మొదలవుతుంది, మంచు కూడా పడొచ్చు. నీ స్లోప్ షిఫ్ట్ దేనికి కుదురుతుందో మీ సూపర్‌వైజర్‌ని అడిగి చెప్పు, ఎవరితోనైనా మార్చుకోవాలంటే ఇప్పుడే మార్చుకో. ఇంకోటి, సూపర్ కబ్ అనే చిన్న విమానంలో ఒక్కొక్కళ్లనే తీసుకెళ్తారు, మనిషి బరువూ బ్యాగు బరువూ ముందే అడుగుతున్నారు. బట్టలు, బూట్లతో సహా తూకం ఎక్కి, వచ్చిన అంకె ఉన్నదున్నట్టు పంపు.

నాన్న