చిన్నీకి, మీ బాత్రూంలో టవల్ రేడియేటర్ గురించి

చిన్నీ,

నిన్న ఫోన్లో టవల్ రేడియేటర్ కింద చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందనీ, పై కమ్మీలు మాత్రం చల్లగా ఉండి తువ్వాళ్ళు ఆరట్లేదనీ చెప్పావు, నేను చెప్పేది వినేలోపు పాప ఏడుపు మొదలైంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. సెల్‌లో తెరిచి పక్కన పెట్టుకుని చేసుకో. అల్లుడు గారు థర్మోస్టాట్ పెంచి చూశారన్నావు కదా, దానివల్ల గ్యాస్ బిల్లు పెరగడమే గానీ పై కమ్మీలు వేడెక్కవని ఆయనకి కాస్త నెమ్మదిగా చెప్పు.

పైన చల్లగా ఉందంటే లోపల గాలి చేరిందన్నమాట. గాలి పైకి పోయి కూర్చుంటుంది, అది ఉన్నంత మేరా బాయిలర్ నుంచి పైపుల్లో వచ్చే వేడినీళ్ళు ఎక్కలేవు. పైగా అది నిలువుగా పొడుగ్గా ఉండేది, మీ బాత్రూమేమో మేడ మీద, ఇంట్లో పైపుల్లో ఎక్కడ గాలి ఉన్నా చివరికి చేరేది అక్కడికే. ఇదే తిరగబడి కింద చల్లగా, పైన వేడిగా ఉంటే అడుగున తుప్పు బురద పేరుకుందని అర్థం, దానికి ఈ వైద్యం పని చెయ్యదు.

ఒక సంగతి ముందే చెప్తాను. మీది బాయిలర్ నీళ్ళతో నడిచేదే, పోయిన చలికాలం వచ్చినప్పుడు కింద రెండు వైపులా పైపులు రావడం నేనే చూశాను. మీ పక్కింటి అమ్మాయి వాళ్ళది అలా కాదు, ఒట్టి కరెంటుది, గోడలోకి వైరు మాత్రమే పోతుంది. ఆ రకానికి లోపల పోసిన నీళ్ళు వేడెక్కి ఉబ్బడానికి పైన కొంచెం ఖాళీ కావాలనే వదులుతారు, అందుకని పై కమ్మీ కాస్త చల్లగా ఉండటం దాని లక్షణమే. నువ్వు నేర్చుకున్న ఉత్సాహంలో ఆ అమ్మాయికి కూడా స్క్రూ విప్పమని సలహా ఇచ్చేవు సుమా.

ఇక పని. ముందు హీటింగ్ ఆఫ్ చేసి, రేడియేటర్ బాగా చల్లారేదాకా ఆగు. లోపలివి కాగిన నీళ్ళు, చెయ్యి కాలుతుంది, అదీగాక పంపు తిరుగుతున్నప్పుడు విప్పితే కొన్నిసార్లు బయటి గాలిని లోపలికి లాగుతుంది. హార్డ్‌వేర్ షాపులో రేడియేటర్ కీ అని అడుగు, చిన్న ఇత్తడి తాళంచెవిలా ఉంటుంది, పెద్ద ఖరీదు కాదు. మామూలు రేడియేటర్లకి గాలి తీసే వాల్వ్ పక్కనే కనిపిస్తుంది గానీ టవల్ రేడియేటర్లకి అందం కోసమని పై అంచున, వెనక వైపు గోడకి ఆనుకుని దాచేస్తారు, సెల్ టార్చ్ వేసి చూడు. కొన్నిటికి నలుచదరం కీ పడుతుంది, కొన్నిటికి మామూలు స్క్రూడ్రైవర్ గాడి ఉంటుంది. ఏది సరిపోతే అది వాడు గానీ పట్టకారు మాత్రం వద్దు, క్రోమ్ పూత లేచిపోతే ఇంటాయన డిపాజిట్‌లో కోసుకుంటాడు.

కింద పాత గుడ్డ, ఒక గిన్నె పెట్టుకో. ఆ నీళ్ళు నల్లగా ఉంటాయి, తెల్ల టైల్స్ సందుల్లో మరక పడితే తొందరగా పోదు. కీని ఎడమ వైపుకి పావు తిప్పు తిప్పితే చాలు, స్‌స్‌స్ అని గాలి వస్తుంది. పూర్తిగా విప్పొద్దు, స్క్రూ ఊడి చేతిలోకొస్తే నీళ్ళు చిమ్ముతుంటే దాన్ని తిరిగి పెట్టడం మహా కష్టం. గాలి ఆగి, నీళ్ళు తుంపరలు లేకుండా సన్నటి ధారగా వచ్చాక కుడి వైపుకి తిప్పి మూసెయ్యి, బిగుతుగా ఉంటే చాలు, బలమంతా చూపించక్కర్లేదు. ఆ కాసేపు బాత్రూంలో నీ సువాసన క్యాండిల్స్ వెలిగించకు, లోపల ఇనుము తుప్పు పట్టేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, బయటికొచ్చేది ఒట్టి గాలే అని నమ్మడానికి లేదు.

అసలు గాలీ రాక, నీళ్ళూ రాకపోతే వాల్వ్ చెడిపోయిందనుకోకు. సిస్టంలో ప్రెజర్ లేక నీళ్ళు మేడ మీదికి ఎక్కట్లేదేమో చూడాలి.

చాలామంది గాలి తీసేసి పని అయిపోయిందనుకుంటారు. గాలి పోయిన చోటుకి నీళ్ళు వచ్చాయి కదా, ఆ మేరకు ప్రెజర్ తగ్గుతుంది. మీది కాంబి బాయిలర్, అటక మీద ట్యాంకు లేదు కాబట్టి తగ్గిన నీళ్ళు దానంతట అది నింపుకోదు. వంటింటి అల్మారాలో బాయిలర్ మీద చిన్న గేజ్ ఉంది చూడు, చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. 1 కంటే కిందికి ఉంటే బాయిలర్ కింద అల్లిక స్టీలు గొట్టం ఒకటి ఉంటుంది, ఫిల్లింగ్ లూప్ అంటారు, దాని రెండు చివర్లా ఉన్న వాల్వులు మెల్లగా తెరువు, ముల్లు 1.3 దగ్గరికి రాగానే రెండూ మూసెయ్యి. రెండూ, గుర్తుంచుకో. సరిగ్గా మూసుకోకపోతే నీళ్ళు ఎక్కుతూనే ఉండి 3 బార్ దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని బయట గోడకున్న పైపు లోంచి కారిపోతాయి. కొన్ని మోడల్స్‌లో గొట్టం బదులు బాయిలర్ లోపలే పిడి లాంటిది ఉంటుంది, మాన్యువల్‌లో బొమ్మ చూసుకో. ఆ తర్వాత హీటింగ్ వేసి పై కమ్మీ పట్టుకుని చూడు.

గాలి మళ్ళీ చేరితే? ఒకసారి చేరితే పట్టించుకోకు, మళ్ళీ తియ్యి. వారం వారం తియ్యాల్సి వస్తుంటే మాత్రం ఆపెయ్యి, అది తీస్తూ కూర్చునే గాలి కాదు. ఎక్కడో కారుతూ ఉండొచ్చు, లేదా లోపల తుప్పు పడుతూ ఉండొచ్చు. నేను పనిచేసిన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బాయిలర్ వెలిగించేటప్పుడు డ్రమ్ము మీద ఎయిర్ వెంట్లు తెరిచి ఉంచి, ప్రెజర్ చదరపు సెంటీమీటరుకి 2 కేజీలు వచ్చాక గానీ మూసేవాళ్ళం కాదు. అంతకుముందే, నీళ్ళు బాయిలర్‌కి పోకముందే డీఏరేటర్ అనే పెద్ద డ్రమ్ములో వాటిలో కరిగిన ఆక్సిజన్‌ని తీసేస్తారు, ఆ ఆక్సిజనే ఇనుప గొట్టాల్ని తినేస్తుంది కాబట్టి. మీ ఇంట్లో అంత సరంజామా లేదు, దాని బదులు పైపుల్లో ఇన్హిబిటర్ అనే మందు కలుపుతారు. అందుకే నువ్వు మాటిమాటికీ కొళాయి నీళ్ళు ఎక్కించావంటే కొత్త ఆక్సిజన్‌ని లోపలికి పంపడమే కాక ఉన్న మందుని పల్చన చేస్తున్నావు, దాంతో తుప్పు పెరుగుతుంది, మళ్ళీ గ్యాస్ పుడుతుంది, మళ్ళీ పైన చల్లబడుతుంది. వేడిగా ఉన్నప్పుడు గేజ్ ముల్లు 3 దాకా పోయి చల్లారాక సున్నాకి పడిపోతున్నా మెకానిక్‌ని పిలవాల్సిందే, వేడికి ఉబ్బిన నీళ్ళకి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్ పోయి ఉంటుంది.

పిలిచేది కూడా నువ్వు కాదు, ఇంటాయన చేత పిలిపించు. మీ ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం మీలాంటి అద్దె ఇళ్ళల్లో హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాట్లు బాగు చేయించడం ఆయన బాధ్యత. మొహమాటపడకు, మర్యాదగా ఈమెయిల్ పెట్టు, ఫోన్లో చెబితే రేపు నాకేం చెప్పలేదంటాడు. వచ్చినవాడు గ్యాస్ సేఫ్ కార్డు, అంటే గ్యాస్ పని చెయ్యడానికి రిజిస్టరైన మెకానిక్ గుర్తింపు కార్డు, చూపించకుండా బాయిలర్ మూత ముట్టుకోకూడదు. నువ్వూ ముట్టుకోకు, నేను చెప్పిందంతా మూత బయటి పనే.

పై కమ్మీ వేడెక్కినా తువ్వాళ్ళు ఆరకపోతే తప్పు రేడియేటర్‌ది కాదు, ఒకదాని మీద ఒకటి మూడు వేస్తావు నువ్వు, నేను చూశాను. ఒక్కోటి విడిగా పరిచి, స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇంకాసేపు తిరగనివ్వు. లేకపోతే ఆ తేమంతా గోడకి పట్టి మూల నల్లగా బూజు వస్తుంది, ఇంట్లో చంటిపిల్ల ఉంది.

పాపని స్నానానికి తీసుకెళ్ళే టైంకి కాకుండా పొద్దున్నే ఈ పని పెట్టుకో, చల్లారడానికి టైం ఉంటుంది. అయ్యాక గేజ్ ఫోటో నాకు పంపు, మర్నాడు పొద్దున హీటింగ్ వెయ్యకముందు ఇంకోటి పంపు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడైనా కారుతోందో లేదో చెప్తాను.

నాన్న