మనం ఊరికే చూసి వస్తాం, కానీ జంతువులకి ఆ సంగతి తెలీదుగా

ఎడిటర్ గారికి నమస్కారం,

అడవి జంతువుల గురించి పేపర్లో వార్త పడిందంటే జంతువు మనిషి మీద పడిందనో, వేటగాళ్లు దాన్ని చంపారనో ఉంటుంది, అంతే. మనం దాని జోలికి పోకపోయినా, ఊరికే అక్కడ ఉన్నందుకే దాని బతుకు ఎంత మారిపోతోందో మాత్రం ఎక్కడా రాదు, దాని మీద ఈమధ్య మంచి రీసెర్చ్ వచ్చింది కాబట్టి రాస్తున్నా.

2023లో కెనడా సైంటిస్ట్ లియానా జానెట్ టీమ్ వాళ్లు దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్క్‌లో నీటిగుంటల పక్కన చెట్లకి కెమెరా, స్పీకర్ ఉన్న పెట్టెలు కట్టారు. జంతువు నీళ్లకి రాగానే స్పీకర్ దానంతటదే మోగుద్ది, ఒకసారి సింహం గుర్రుమనే చప్పుడు, ఒకసారి తుపాకీ మోత, కుక్కల అరుపు, ఇంకోసారి మనుషుల మాటలు. కేకలు కాదండీ, మామూలుగా కబుర్లు చెప్పుకున్నట్టు ఉండే మాటలు. సింహం గొంతు కంటే మనిషి గొంతు విన్నప్పుడే అవి పరిగెత్తడం రెండింతలు ఎక్కువ, నీళ్లు వదిలేసి పోవడం కూడా 40 శాతం త్వరగా. జిరాఫీలు, జీబ్రాలు సరే, చిరుతలు కూడా అంతే! ఏనుగులైతే సింహం గొంతుకి ఎదురెళ్లాయి, ఒకటి ఏకంగా పెట్టెనే పగలగొట్టింది, అదే ఏనుగులు మన మాటలు వినపడితే మాత్రం తప్పుకున్నాయి. అలవాటు పడతాయిలే అనేవాళ్లు ఒకటి గమనించాలి, క్రూగర్ 1926 నుంచి నేషనల్ పార్క్, టూరిస్టులు తిరుగుతూనే ఉంటారు.

పగలు మనతో పడలేక రాత్రికి మారిపోతున్నాయి కూడా. 2018లో కైట్లిన్ గేనర్ అనే సైంటిస్ట్ టీమ్ వాళ్లు 76 స్టడీలు, 62 రకాల క్షీరదాల లెక్కలు కలిపి చూస్తే, సగం పగలు సగం రాత్రి తిరగాల్సిన జంతువు మనుషుల తాకిడి ఉన్నచోట 68 శాతం రాత్రే తిరుగుతోందని తేలింది. వచ్చినవాడు తుపాకీ పట్టుకొచ్చాడా, ట్రెక్కింగ్‌కి వచ్చాడా అన్నది పెద్ద తేడా తేలేదట, నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ఇదే. పగటి వెలుగులో వెతుక్కుని తినే జంతువు చీకట్లో తిరగాల్సొస్తే దొరికే తిండి మారుద్ది, ఎదురయ్యే శత్రువులూ మారతారు, ఆ లెక్కంతా ఎవరు చూడాలి?

మరి మనం తగ్గితే? 2020 లాక్‌డౌన్‌లో అదీ తెలిసింది. ఎక్కడ తిరుగుతున్నాయో తెలిసేలా మెడకి జీపీఎస్ కాలర్లు కట్టిన 43 రకాల జంతువుల డేటా తీస్తే, కట్టడి గట్టిగా ఉన్నచోట అవి పది రోజుల్లో చేసే పెద్ద ప్రయాణాలు 73 శాతం పెరిగాయి, మామూలుగా మనుషుల తాకిడి ఎక్కువుండే చోట్ల రోడ్లకి 36 శాతం దగ్గరగా వచ్చాయి. అన్ని జంతువులూ ఒకేలా మారలేదనుకోండి, కొన్ని పెద్దగా పట్టించుకోలేదు కూడా.

అడవి పక్కనే బతికేవాళ్లని నోరు మూసుకోమనడం లేదు, వాళ్లకి వేరే దారి లేదు. నా గొడవంతా సరదాకి వెళ్లే మనతోనే. వీడియో కోసం జీపు ఆపించి అటు చూడు ఇటు చూడు అని అరిచేవాళ్లకి ఆ కేక సింహం గొంతు కంటే ఘోరమని తెలియాలి కదా. నీటిగుంటల దగ్గర మాట్లాడకూడదని రూల్ పెట్టి, రాత్రిపూట అడవి రోడ్ల మీద బళ్లు తిరగకుండా ఆపి, తెల్లారగట్ట, సాయంత్రం కొన్ని గంటలు అసలెవర్నీ లోపలికి పంపకపోతే కొంపలేం మునగవు. టూరిజం వాళ్లు ఒప్పుకోరంటారా, జంతువులన్నీ రాత్రికి మారిపోతే ఇక వాళ్లు పగలు చూపించేది ఏముంటుంది?

ఇట్లు,
మీ పాఠకుడు